గుర్రం నెమరు వేయదు

మొన్న శుక్రవారం రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. రాజోలు అవతల రొయ్యల చెరువులున్న ఒక ఆసామి. ఏడాది కిందట ముచ్చటపడి మార్వాడీ గుర్రాన్ని కొన్నారు.

"అమ్మా, మా బాద్షా నెమరు వేయడం లేదు. ఎన్నాళ్ళ నుంచో తెలియదు, పాలేరు ఇవాళే గమనించి చెప్పాడు. పొద్దుటిదాకా ఆగవచ్చంటారా?"

నవ్వు దిగమింగుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. "గుర్రం నెమరు వేయదండీ. మీ బాద్షా పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా వేసి ఉండదు" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అనుమానంగా అడిగారు: "మరి తిన్నది ఎలా అరుగుతుంది?"

పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంత మంచి ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు చాలా తక్కువ.

నాది అమలాపురం దగ్గర చిన్న పశువుల ఆసుపత్రి. వచ్చేవాటిలో గేదెలు, ఆవులు, ఈ మధ్య కుక్కలు ఎక్కువ. గుర్రాలు పదో వంతు కూడా ఉండవు. అయితే చదువయ్యాక మూడేళ్ళపాటు మలక్‌పేట రేసు గుర్రాల శాలల్లో ఒక పెద్ద డాక్టరు గారి వెనకాల మందుల సంచీ మోశాను. ఆ పుణ్యాన గుర్రం అనగానే చుట్టుపక్కల నాలుగు మండలాలవాళ్ళు నాకే ఫోను చేస్తారు. మా డెల్టాలో ఏ కాలంలోనైనా నిలకడగా కనిపించే గుర్రం కాటన్ దొర విగ్రహం కిందిదే. దానికి దాణా అక్కర్లేదు, కడుపునొప్పి రాదు, ఏడాదికోసారి రంగు వేసి దండ వేస్తే చాలు. జట్కాలు పోయాక ప్రాణమున్న గుర్రాలు మాయమయ్యాయి. ఇప్పుడు మళ్ళీ వస్తున్నాయి. పెళ్ళి ఊరేగింపులకు కొన్ని, సముద్రం ఒడ్డున పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి కొన్ని, చెరువుల మీద నాలుగు డబ్బులు కళ్ళజూసినవాళ్ళ సరదాకు కొన్ని. గుర్రాలైతే వచ్చాయి గానీ వాటిని చూసుకునే చేతులు రాలేదు. ఉన్న చేతులన్నీ గేదెలకు అలవాటుపడినవి. నా దగ్గరికి వచ్చే గుర్రపు జబ్బుల్లో చాలా వరకు, ప్రేమకొద్దీ దాన్ని గేదెలా పెంచడం వల్ల వచ్చినవే.

నెమరు సంగతి తేలిపోయింది కాబట్టి ఆ రాత్రి హాయిగా పడుకోవలసింది. కానీ ఫోను పెట్టేముందు ఆయన ఒక మాట అన్నారు: "వీలైతే ఒకసారి వచ్చి చూడండమ్మా, ఈమధ్య బుగ్గలు వచ్చి ముద్దుగా తయారైంది." గుర్రానికి బుగ్గలు రావు. నాకు నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున్నే బోడసకుర్రు వంతెన దాటి వెళ్ళాను. బాద్షా ఎర్ర గుర్రం. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగులుతున్నాయి, మార్వాడీ జాతి అందమంతా ఆ చెవుల్లోనే ఉంటుంది. గేదెల పాకలో చివరి గుంజకు కట్టారు. పక్కనే ముర్రా గేదె. రెండింటికీ ఒకటే భోజనం: పొద్దున ఒక బక్కెట్టు తవుడు, కుడితి, సాయంత్రం ఇంకో బక్కెట్టు, మధ్యలో వరిగడ్డి, కాలవ గట్టున కోసిన పారా గడ్డి. "ఏ లోటూ చేయలేదమ్మా, గేదెకన్నా దోసెడు ఎక్కువే పెడుతున్నాం" అన్నారు ఆసామి.

ముఖం తడిమి చూశాను. కళ్ళ కింద నుంచి ముక్కు వైపు దిగే ఎముక రెండు పక్కలా ఉబ్బి ఉంది. కొవ్వు అయితే వేలికి లొంగుతుంది, నీరు అయితే గుంట పడుతుంది. ఇది గట్టిగా ఉంది. నడిపించమన్నాను. అడుగులు పొట్టిగా వేస్తోంది. కాసేపు ముందరి కాలు కుంటుతోంది, తిరిగి వచ్చేటప్పుడు చూస్తే వెనక కాలు. ముల్లు గుచ్చుకున్న గుర్రం ఇలా కాళ్ళు మార్చి కుంటదు.

ఇది తవుడు తెచ్చిన జబ్బు. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు లేనట్టే. గుర్రం తినే మొత్తం మేతలో కాల్షియం భాస్వరానికి సమానంగానైనా ఉండాలి, రెట్టింపు ఉంటే ఇంకా మంచిది. తవుడులో లెక్క తలకిందులు, భాస్వరమే కాల్షియానికి పది రెట్లకు పైన ఉంటుంది. అది చాలదన్నట్టు పారా గడ్డిలో, నేపియర్ గడ్డిలో ఉండే ఆక్సలేట్లు, ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టుకుని లద్దెలో బయటికి పంపేస్తాయి. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆ ఆక్సలేట్లను ముందే విరగ్గొడతాయి, అందుకే అదే గడ్డి తిని గేదె నిక్షేపంలా ఉంటుంది. గుర్రానికి ఆ సదుపాయం లేదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె ఊరుకోదు కదా, శరీరం ఎముకల్లోంచి తోడుకోవడం మొదలుపెడుతుంది. తోడిన చోట, ముఖ్యంగా దవడల్లో, ముఖపు ఎముకల్లో, నారలాంటి పదార్థం చేరి ఉబ్బుతుంది. మనకు బుగ్గల్లా కనిపించేది అదే. పిండిమర నడిపేవాళ్ళ గుర్రాలకు తవుడు ఎక్కువ దొరికేది కనుక ఇంగ్లీషువాళ్ళు ఒకప్పుడు దీన్ని మిల్లరు జబ్బు అనేవారు. ఊరికొక రైసుమిల్లు ఉన్న మా ప్రాంతానికి ఇది రాకుండా ఎక్కడికి పోతుంది?

తవుడు ఆపించాను. సున్నపురాయి పొడి, అంటే పశువుల మేతలో కలిపే రకం, కొలత రాసిచ్చాను. ఎండు లూసర్న్ గడ్డి తెప్పించమన్నాను. కుంటడం కొన్ని నెలల్లో తగ్గుతుంది, ముఖం ఉబ్బు మాత్రం పూర్తిగా పోకపోవచ్చు. ఈ మాట చెప్పినప్పుడు ఆసామి ముఖం చూడలేకపోయాను. "గేదెకు ఇదే పెడితే పూటకు ఆరు లీటర్లు ఇస్తోందమ్మా" అన్నారు మెల్లగా. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

ఇక ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు. గేదె పొట్టలో ముందుగా ఒక పెద్ద గాదె ఉంటుంది. గబగబా మేసి అందులో వేసుకుని, తీరిగ్గా పడుకుని నెమరు వేస్తుంది. గడ్డి అక్కడే పులిసి విరుగుతుంది. గుర్రానికి ఈ గాదె వెనకాల ఉంటుంది, చిన్నపేగు దాటాక. ముందున్న కడుపు ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు పడుతుంది, అంటే మన ఇంటి బక్కెట్టంత. అంత పెద్ద ఒంటికి ఇంత చిన్న కడుపు ఎందుకంటే, పుట్టుకతో అది రోజంతా కొంచెం కొంచెం మేస్తూ నడిచే జంతువు. దాని కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. పొద్దున బక్కెట్టు, సాయంత్రం బక్కెట్టు పెట్టి మధ్యలో ఉత్త గుంజకు కట్టేస్తే, కడుపులో పుండ్లు పడతాయి. అందుకే ముందు గడ్డి, తర్వాతే దాణా. దాణా కూడా మూడు నాలుగు సార్లుగా. ఎండు లెక్కన రోజుకు ఒంటి బరువులో వందకు ఒకటిన్నర నుంచి రెండు వంతుల గడ్డి పడాలి. వట్టి వరిగడ్డితో ఆ లెక్క నింపితే పేగులో గడ్డకట్టి కూర్చుంటుంది. మంచినీళ్ళు రోజుకు పాతిక నుంచి నలభై లీటర్లు, మా ఉక్కపోతలో చెమట పట్టే రోజుల్లో ఇంకా ఎక్కువ. పక్కన ఒక ఉప్పు గడ్డ కూడా ఉండాలి.

బరువు ఎలా తెలుస్తుందని అడుగుతారు. వేబ్రిడ్జి దాకా తోలుకుపోనక్కర్లేదు. ముందరి కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు నుంచి తుంటి వెనకదాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. బాద్షా చుట్టుకొలత 160, పొడవు 145. దాదాపు 312 కిలోలు. దర్జీ టేపు 150 సెంటీమీటర్లకే అయిపోతుంది, పురికొసతో కొలిచి ఆ పురికొసను టేపు మీద పెట్టండి. నట్టల మందు మోతాదు ఈ లెక్క లేకుండా వేయకూడదు.

గుర్రాల గురించి ఈ ప్రాంతంలో నాకు తెలిసిన అసలైన నిపుణుడు డాక్టరు కాదు. పాలకొల్లు స్టేషను దగ్గర ఒకప్పుడు జట్కా తోలిన తాత. ఇప్పుడు మనవడు పెళ్ళిళ్ళకు తెల్ల గుర్రం తిప్పుతుంటే, తాత కుర్చీ వేసుకుని కూర్చుని తప్పులు పడుతుంటాడు. ఉలవలు ఉడికించి చల్లార్చి, చేత్తో చిదిమి చూసిగానీ తొట్టిలో వేయనివ్వడు. బండి దిగిన గుర్రాన్ని వట్టిగడ్డి చుట్టతో రుద్ది మాలీషు చేయనిదే తాను కాఫీ తాగేవాడు కాదట. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అనే సామెతను మనం ఖర్చు గురించి విసుక్కోవడానికి వాడతాం. తాత మాత్రం దాన్ని ధర్మంలా చెబుతాడు.

పోయిన వైశాఖంలో ముమ్మిడివరం వైపు ఒక పెళ్ళి. తెల్ల గుర్రం సాయంత్రం నుంచి ఎండలో, తర్వాత జనరేటరు పక్కన లైట్ల వేడిలో నిలబడింది. నీళ్ళు పెట్టినవాళ్ళు లేరు. మా వాళ్ళ మర్యాద సంగతి తెలిసిందే, ఇంటికొచ్చిన గుర్రాన్ని కూడా తినకుండా పోనివ్వరు. పులిహోర పెట్టారు, బూరెలు పెట్టారు, ఎవరో కాజా కూడా పెట్టారు. అర్ధరాత్రికి గుర్రం డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, కాలితో నేల తవ్వడం, పై పెదవి పైకి మడిచి గాలి చూడటం మొదలుపెట్టింది. తర్వాత కింద పడి పొర్లింది. అక్కడున్న పెద్దలు వాము నీళ్ళలో సోడా కలిపి సీసాతో గొంతులో పోయబోయారట. తాత అడ్డంపడి ఆపాడు. నేను చేరేసరికి పెళ్ళివారితో పోట్లాడుతున్నాడు.

తాతే ఒప్పు. నొప్పితో ఉన్న గుర్రానికి నోట్లో గొట్టంతోనో సీసాతోనో మందు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంకో సంగతి, గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపు ముఖద్వారం దగ్గరి కండరం అంత బిగువుగా ఉంటుంది. లోపల గ్యాసు పెరిగితే పైకి వచ్చే దారి లేదు, కడుపు పగిలి చచ్చిపోయిన గుర్రాలున్నాయి. గేదెకు పోసినట్టు పోసే ప్రతి సీసా ఆ బరువును ఇంకాస్త పెంచుతుంది.

తాత చెవి డొక్కకు ఆనించి విని నాతో అన్నాడు: "ఎడమ పక్క కొంచెం మాట్లాడుతోంది తల్లీ, కుడి పక్క నోరు మూసుకుంది." స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు విన్నాను, తాత చెప్పినట్టే ఉంది. నాడి నిమిషానికి అరవై నాలుగు. తాపీగా ఉన్న గుర్రానికి ఇరవై ఎనిమిది నుంచి నలభై నాలుగు దాకా ఉంటుంది. నొప్పికి సూది వేసి, ముక్కులోంచి గొట్టం కడుపులోకి దింపాను. గ్యాసు బుస్సున వచ్చింది, ఇంగువ వాసనతో సహా. పెళ్ళివారి పులిహోర బాగా కుదిరినట్టుంది. తెల్లవారుజామున గుర్రం లద్దె వేసింది. ముహూర్తానికి కొట్టిన మేళంకన్నా ఆ చప్పుడే నాకు మంగళకరంగా వినిపించింది.

మీ దగ్గర గుర్రం ఉంటే, అది బాగున్న రోజునే నాడి చూడటం నేర్చుకోండి. కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్ళతో తడిమితే దారంలా దొరుకుతుంది. ఊపిరి నిమిషానికి ఎనిమిది నుంచి పదహారు, జ్వరం కొలిస్తే 99 నుంచి 101 ఫారన్‌హీట్ మధ్య. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. నొప్పి కనిపించగానే మేత తీసేయండి, పడి పొర్లుతుంటే నెమ్మదిగా పది నిమిషాలు నడిపించండి, ఫోను చేయండి. రాత్రంతా నడిపించి గుర్రాన్ని చంపకండి. నాడి అరవై దాటితే తెల్లారేదాకా ఆగవద్దు. పేగు మెలిపడిందంటే ఆపరేషను తప్ప దారి లేదు, దానికి మా దగ్గర వసతి లేదు. అందుకే మొదటి గంటలో వచ్చే ఫోను నాకు అంత ముఖ్యం.

కోపంగా చెప్పవలసినవి రెండున్నాయి. కోళ్ళ ఫారాలు ఎక్కువ కాబట్టి మిగిలిన కోళ్ళ దాణా చవగ్గా దొరుకుతుంది. గుర్రానికి పెట్టకండి. కోళ్ళకు రక్తవిరేచనాలు రాకుండా ఆ దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడికి మందైనది గుర్రం గుండె కండరాన్ని తినేస్తుంది, విరుగుడు లేదు. ఒక సంచీ దాణాతో ఒక గుర్రం పోవడం నేను కళ్ళారా చూశాను. రెండోది, గేదెకు గోమార్లు పోవడానికి కొట్టే అమిట్రాజ్ మందు. గుర్రం మీద చల్లితే దాని పేగు కదలడం మానేస్తుంది. గోమార్లను తగ్గించబోయి కడుపునొప్పి కొనితెచ్చుకున్నట్టు అవుతుంది.

వానాకాలం వస్తే నా ముక్కు ముందే చెబుతుంది. గిట్ట ఎత్తగానే కుళ్ళిన వాసన, అడుగున మధ్యలో ఉండే మెత్తటి ముక్కోణం పక్క గాడుల్లో నల్లటి జిగురు. 2022 జూలై వరదప్పుడు ఒక లంక నుంచి ఏటిగట్టు మీదికి చేర్చిన గుర్రం, రోజుల తరబడి తడిలోనే నిలబడి, నాలుగు గిట్టలూ ఇలాగే చేసుకుంది. రోజూ గిట్టలు గోకి శుభ్రం చేసి, ఆరనిచ్చి, మైలతుత్తం పలచటి ద్రావణం అద్దితే చాలావరకు లొంగుతుంది. మందుకన్నా ముఖ్యం నిలబడే చోటు. ఇటుక ముక్కలు, కంకర పరిచి పైన ఇసుక, ఊక వేసి ఎత్తు చేయండి. గిట్ట నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరించాలి. ఎడ్లకు నాడాలు కొట్టే మేస్త్రి చేతిలో పెడితే కష్టం. ఎద్దుది చీలిన గిట్ట, గుర్రానిది ఒంటి గిట్ట. నేనే ఆకురాయి పట్టుకుని వంగుతాను, తర్వాత రెండు రోజులు నా నడుము సంగతి అడగవద్దు.

ముసురు తగ్గాక జోరీగలు. సర్రా అనే జబ్బు వీటి కాటుతోనే పాకుతుంది. జ్వరం వచ్చి పోతూ, మళ్ళీ వచ్చి పోతూ, పొట్ట కింద, కాళ్ళలో నీరు దిగుతుంది. మేత తింటున్నా గుర్రం చిక్కిపోతుంది. గేదె ఒంట్లో ఇదే క్రిమి పైకి ఏ లక్షణమూ లేకుండా దాగి ఉండగలదు. గేదె మీద వాలిన జోరీగ పక్క గుంజకున్న గుర్రం మీద వాలడానికి ఎంతసేపు? అందుకే ఆ శనివారం బాద్షాను వేరే పాకలోకి కూడా మార్చమన్నాను. రక్తం కూడా పరీక్షకు తీసుకున్నాను. అదృష్టవశాత్తు ఏమీ లేదు.

గుర్రం కొనేవాళ్ళకు ఒక మాట. మన వాళ్ళు పుష్కర్ సంతకో, మహారాష్ట్రలోని సారంగఖేడా సంతకో వెళ్ళి మొదట చూసేది సుడులు. నుదుటి సుడి ఉందా, గొంతు కింద సుడి ఉందా, రోమాలు ఏ వైపు తిరిగాయి. బాద్షాను కూడా మూడు సుడులు చూసే తెచ్చారట. సుడి చూసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. తర్వాత నోరు కూడా తెరిచి చూడండి. గుర్రం పళ్ళు ఏటా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తూనే ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి. అరుగుదల సరిగా లేకపోతే అంచులు కత్తుల్లా తయారై బుగ్గ లోపల కోస్తాయి; నమిలిన గడ్డి ఉండలుగా బయటికి పడేస్తుంది. ఏడాదికోసారి ఆకురాయితో అరగదీయించాలి. ముక్కులోంచి చిక్కటి చీమిడి, చర్మం మీద గడ్డలు ఉంటే దగ్గరికి కూడా పోవద్దు. గ్లాండర్స్ అనే జబ్బు అయితే అది మనిషికీ అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. గుర్రానికి వైద్యం చేయరు, చట్టప్రకారం చంపి పూడ్చాలి. రక్త పరీక్షలో లేదని తేలిన కాగితం చూసిగానీ డబ్బు ఇవ్వకండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలకు పెట్టింది పేరు. తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టండి. ధనుర్వాతం టీకా సంగతి వేరే చెప్పాలా? చిన్న మేకు గీత చాలు గుర్రానికి.

బాద్షా ఆసామికి వచ్చేటప్పుడు ఒక పని అప్పగించాను. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్దె వేస్తుంది, మీరు వేరే ఏమీ చూడనక్కర్లేదు, ఇవి లెక్కపెట్టండి అన్నాను. ఆయన ఈ పనిని రొయ్యల కౌంటంత శ్రద్ధగా చేస్తున్నారు. రోజూ సాయంత్రం నేను అన్నం ముందు కూర్చునే వేళకు వాట్సాప్‌లో అంకె వస్తుంది, ఫోటోతో సహా. సోమవారం తొమ్మిది. మంగళవారం పది, "కొత్త గడ్డి నచ్చినట్టుందమ్మా" అని కింద రాశారు. బుధవారం మళ్ళీ తొమ్మిది. ఈ రోజు సాయంత్రం ఏడు గంటలు దాటింది, ఇంకా అంకె రాలేదు. నేనే ఫోను చేశాను.

"ఎనిమిదే అమ్మా" అన్నారు. "తొమ్మిదో దాని కోసం ఇక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను."